పొట్టు రాలు చర్మము: సాంచె కుటుంబములకు ఒక ఆరోగ్య పాఠము

నేతగానికి చేతులే ఆస్తి. నాడెలో కండె మార్చవలెనన్నను, తెగిన పోగు ముడి వేయవలెనన్నను, భీము ఎక్కించవలెనన్నను వ్రేళ్ళ కొనలు నొప్పి లేకుండ ఉండవలెను. అట్టి చేతుల తోలు పొట్టు పొట్టుగా ఊడుచున్నప్పుడు మనవారు చేయుచున్న దేమి? పాళీ దిగి ఇంటికి వచ్చుచు మూలమీది మందుల దుకాణములో ఆగి, "దురదకు ఒక ట్యూబు ఇయ్యి" అని అడిగి తెచ్చుకొనుచున్నారు. ఏ రోగమని దుకాణదారు అడుగడు, మనమును చెప్పము. రెండు దినములు దురద తగ్గును. తరువాత మరల వచ్చును. మరల ఒక ట్యూబు. ఈ విధముగా సంవత్సరములు గడుపుచున్న కుటుంబములను పద్మానగరులోను, కామత్‌ఘర్‌లోను మేము చూచుచునే ఉన్నాము.

భివండీలో జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు. రేకుల కప్పు క్రింద పన్నెండు గంటల పాళీ, చెమటకు తడిసి ఒంటికి అంటుకొన్న బనియను, నాలుగు దినములైనను ఆరని బట్టలు, ఒక్క ఖోలీలో ఇంటిల్లిపాదియు, అందరికి ఒకటే తువ్వాలు. చర్మరోగములు ఒకరినుండి ఒకరికి ప్రాకుటకు ఇంతకంటె అనుకూలమైన చోటు దొరకదు. అందుచేత ఈ సంచికలో చర్మము ఊడు రోగములను గురించి, వాటిని డాక్టర్లు గుర్తుపట్టు విధమును గురించి, చికిత్సను గురించి ఒక పాఠముగా వ్రాయుచున్నాము. ఈ పాఠము డాక్టరుకు బదులు కాదు. డాక్టరు వద్దకు ఎప్పుడు పోవలెనో, పోయి ఏమి చెప్పవలెనో తెలియుటకే ఇది.

గుడ్డలో తప్పు పడినప్పుడు మంచి జాబరు వెంటనే సుత్తి పట్టుకొనడు. తప్పు పడుగులో ఉన్నదా, పేకలో ఉన్నదా, అచ్చులో ఉన్నదా అని ముందు చూచును. కారణము తెలియక పనిముట్టు పెట్టినచో సాంచె చెడునని అతనికి తెలియును. మన ఒంటి విషయములో మాత్రము ఆ తెలివి మనము మరచుచున్నాము. చర్మము ఊడుట ఒక రోగము కాదు, అనేక రోగములకు గుర్తు. ఒకదానికి మందైనది మరొకదానికి విషమగును.

చర్మము ఎందుకు ఊడును?

ఆరోగ్యవంతుని చర్మము కూడ ప్రతిదినము ఊడుచునే ఉండును. అడుగున పుట్టిన కణములు మెల్లగా పైకి జరిగి, ఎండి, కంటికి కనబడని ధూళిగా రాలిపోవును. ఈ ప్రయాణమునకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. రాలునది కంటికి కనబడుచున్నదనగా ఎక్కడనో చిక్కు వచ్చినదని అర్థము.

ఆ చిక్కు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, బయటి జీవి. బూజు జాతి గాని, సూక్ష్మక్రిమి గాని పై పొరలో చేరి దానిని తినును. రెండవది, కణములను పట్టియుంచు కొవ్వు కరిగిపోవుట. పడుగు పోగుకు గంజి ఎట్లో, చర్మకణములకు వాటి నడుమనుండు కొవ్వు అట్లు. గంజి చాలని పోగు నూగు లేచి తెగును. కొవ్వు పోయిన చర్మము పొట్టు లేచి పగులును. సోడా, బ్లీచింగు, సబ్బు, కిరసనాయిలు చేయునది ఇదే. మూడవది, లోపలి తొందర. వారముల తరబడి పట్టవలసిన కణముల ప్రయాణము కొద్ది దినములలోనే ముగిసి, పొలుసులు ఒకదానిపై ఒకటి పేరుకొనును. సోరియాసిస్ అట్టిది. ఈ మూడింటిలో ఏదని తేల్చుటయే రోగనిర్ణయము.

తామర

మన గాలాలలో అన్నిటికంటె ఎక్కువగా కనబడునది తామర. మరాఠీవారు దీనిని గజకర్ణమనియు, నాయటా అనియు, హిందీవారు దాద్ అనియు పిలుతురు. నడుము చుట్టు బొందు బిగియు చోట, గజ్జలలో, పిరుదులపై, చంకలలో, స్త్రీలకు రొమ్ముల క్రింద మొదలగును. గుండ్రని మచ్చ, అంచు ఎర్రగా కొంచెము లేచి పొట్టు రాలుచుండును, నడుమ భాగము మానినట్లుండును. చెమట పట్టినకొలది దురద హెచ్చును.

దీనిని నిర్ధారించు పరీక్ష బహు సులభము. డాక్టరు మచ్చ అంచున మొద్దు కత్తితో కొంచెము పొట్టు గీకి, గాజుపలకపై వేసి, పొటాసియం హైడ్రాక్సైడు అను క్షారము ఒక చుక్క వేయును. చర్మపు పొట్టు కరిగిపోవును, బూజు మాత్రము కరగదు. సూక్ష్మదర్శినిలో చూచినచో కొమ్మలు వేసిన సన్నని పోగులు కనబడును. నెత్తురు తీయుట లేదు, నొప్పి లేదు, చాల మారులు ఆ పూటలోనే తేలును. పోగు కనబడినచో అది బూజు. అంతకుముందు వారములో ఏదేని క్రీము పూసియుంటిమేని ఆ సంగతి తప్పక చెప్పవలెను. బూజు మందు పూసి పోయినవారికి ఒక్కొక్కప్పుడు పోగులు కనబడవు.

చికిత్స మచ్చల సంఖ్యను బట్టి ఉండును. ఒకటి రెండు చిన్న మచ్చలకు బూజును చంపు పూతమందు చాలును. పూయునప్పుడు మచ్చమీదనే గాక, దాని అంచు దాటి రెండు వ్రేళ్ళ మేర చుట్టును పూయవలెను. కనబడని బూజు అక్కడనే ఉండును. మచ్చ మాయమైన తరువాత కూడ డాక్టరు చెప్పినన్ని దినములు, సాధారణముగా మరి రెండు వారములు, పూయవలెను. మచ్చలు అనేకముగా ఉన్నను, పాతబడినను, మింగు మందు వారముల తరబడి కావలసివచ్చును. ఈ మాత్రలు కాలేయముపై ప్రభావము చూపగలవు, కొన్ని గుండె జబ్బువారికి పనికిరావు, కొన్ని ఇతర మందులతో కలియవు, గర్భిణులకు ఇయ్యరాదు. కాబట్టి పొరుగువాని చీటీ చూపి కొనవలసిన మందులు కావు.

తెల్ల ట్యూబు చేయు ద్రోహము

ఇప్పుడు ముఖ్యమైన మాట. దుకాణములో చీటీ లేక ఇచ్చు అనేక ట్యూబులలో బూజు మందుతోపాటు స్టెరాయిడు కలిసియుండును. బీటామెథసోన్, క్లోబెటసాల్ అను పేర్లు ట్యూబుపై చిన్న అక్షరములతో వ్రాసియుండును. స్టెరాయిడు దురదను, ఎరుపును వెంటనే అణచును. అందుచేతనే "ఒక్క పూతకే హాయి" అని మనవారు మెచ్చుకొందురు. కాని అది అణచునది రోగమును కాదు, రోగముతో పోరాడు మన ఒంటి బలమును. కావలివాడు నిద్రపోగా బూజు హాయిగా ప్రాకును. గుండ్రని ఆకారము చెడిపోయి డాక్టరు కూడ గుర్తుపట్టలేని రూపము దాల్చును. నెలల తరబడి పూసినవారికి గజ్జలలో, తొడలపై తోలు పలుచబడి ఎర్రని చారలు పడును. ఆ చారలు తరువాత పూర్తిగా పోవు.

మేమెరిగిన ఒక కుటుంబము సంగతి చెప్పెదము. ఇంటి పెద్ద రాత్రిపాళీ సాంచెలు నడుపును. నడుముపై రూపాయి బిళ్ళంత మచ్చ వచ్చినప్పుడు ట్యూబు తెచ్చి పూసెను. తగ్గగానే మానెను, మరల వచ్చెను, మరల పూసెను. సంవత్సరము తిరుగునప్పటికి మచ్చ నడుము చుట్టివచ్చినది. ఒకే తువ్వాలు వాడుచుండుటచే భార్యకు, తరువాత చిన్నపిల్లకు ముఖముపై అంటినది. పిల్లకును అదే ట్యూబు పూసిరి. కడకు ఠాణేలోని చర్మవైద్యుడు పొట్టు గీకి చూచి, ముగ్గురికిని బూజేనని చెప్పి, ట్యూబు మాన్పించి, ముగ్గురికి ఒకే కాలమున మందు మొదలుపెట్టెను. మొదటి పది దినములు దురద ముందుకంటె ఎక్కువైనది. స్టెరాయిడు మానినప్పుడు అట్లగునని డాక్టరు ముందే హెచ్చరించియుండుటచే వారు ఓర్చుకొనిరి. నయమగుటకు నాలుగు నెలలు పట్టినది. మొదటి వారములోనే పోయియున్నచో ఒకటి రెండు పూతమందులతో తీరిపోవు సంగతి అది.

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. దేశమంతట తామర మొండిబారినదని చర్మవైద్యులు చాలకాలముగా మొత్తుకొనుచున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వము స్టెరాయిడు పూతమందులు అనేకము డాక్టరు చీటీ లేక అమ్మరాదని నిర్ణయించినది. 2020లో జపానులో భారత, నేపాలు దేశస్థులైన రోగులనుండి తీసిన ఒక బూజును పరీక్షించి, దానికి మన దేశము పేరు కలియునట్లు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిరి. టెర్బినఫిన్ అను వాడుక మందుకు అది తరచు లొంగదు. 2023లో అమెరికాలోని న్యూయార్కు నగరములో కూడ ఈ బూజు సోకినవారిని గుర్తించిరి. మన దేశము పేరు ప్రపంచమున ఈ విధముగా వినబడుట ఎవరికిని గర్వము కాదు. అరకొర చికిత్సయు, స్టెరాయిడు ట్యూబులును దీనికి దోహదము చేసినవని వైద్యుల అభిప్రాయము.

స్టెరాయిడు ఎల్లప్పుడు చెడ్డదని మా మాటకు అర్థము కాదు. తగిన రోగమునకు, తగిన మోతాదులో, తగినన్ని దినములు డాక్టరు ఇచ్చినప్పుడు అది మంచి మందు. తామరకు మాత్రము అది మందు కాదు.

మందుతోపాటు ఇంటిలో చేయవలసిన పనులు కలవు. ఎవరి తువ్వాలు వారిదిగా ఉండవలెను. లోపలి బట్టలు దినదినము మార్చి, ఎండలో తిరగవేసి ఆరవేయవలెను. వానకాలము ఎండ లేనప్పుడు లోపలివైపు కుట్ల మీద వేడి ఇస్త్రీ పెట్టవలెను. పనిలోనికి బిగుతు జీన్సు మాని వదులైన నూలు బట్ట కట్టవలెను. నూలు నేయు మనము నైలాను తొడిగి తామర తెచ్చుకొనుట వింతయే కదా! మొలత్రాడు, నడుము దారము తడిసి అక్కడనే ఆరుచుండును. చికిత్స ముగియువరకు దానిని తీసి ఉంచుట మంచిది. ఇంటిలో ఎందరికి మచ్చలున్నవో అందరికి ఒకేసారి చికిత్స జరుగవలెను.

వెల్లుల్లి నూరి కట్టుట, సున్నము, కిరసనాయిలు, బ్యాటరీ నీరు పూయుట వంటి మొరటు వైద్యములు కొందరు చేయుచున్నారు. వాటివలన చర్మము కాలి పుండగును, బూజు చావదు.

పాదములు

సైజింగు, అద్దకము కార్ఖానాలలో తడి నేలపై నిలుచువారికిని, రబ్బరు బూట్లు తొడుగువారికిని కాలివ్రేళ్ళ సందులు తెల్లగా నాని, పొర ఊడి, మండును. నాలుగవ వ్రేలికి, చిటికెన వ్రేలికి నడుమ ఇది ముందుగా కనబడును. చాల మారులు ఇదియు బూజే, పొట్టు పరీక్షలో తేలును. పని ముగిసిన తరువాత పాదములు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిబట్టతో ఒత్తి తుడిచి, బూజు మందు పూయవలెను. ఒక జత చెప్పులు ఆరుచుండగా మరొక జత తొడుగుట మంచి అలవాటు.

అరికాలిలో చిన్న చిన్న గుంటలు పడి, పై పొర పురుగు కొట్టినట్లుండి, దుర్వాసన వచ్చినచో అది బూజు కాదు, చెమటలో పెరుగు సూక్ష్మక్రిమి. డాక్టరు చూపుతోనే గుర్తుపట్టును. దీనికి క్రిమిని చంపు వేరే పూతమందు కావలెను.

చక్కెర వ్యాధి కలవారు వ్రేళ్ళ సందుల పగులును చిన్నదిగా చూడరాదు. ఆ పగులు దారిగా క్రిములు లోనికి పోయి కాలు వాచి, ఎర్రబడి, జ్వరము వచ్చును. ఆలస్యము చేసినచో కాలికే ముప్పు. మాటిమాటికి తామర వచ్చుచున్నవారు ఒకసారి నెత్తురులో చక్కెర చూపించుకొనుట కూడ అవసరము.

అరచేతులు

అరచేతి తోలు ఊడినప్పుడు మూడు సంగతులు ఆలోచింపవలెను.

మొదటిది నిరపాయకరమైనది. వేసవిలోను, చెమట ఎక్కువైనప్పుడును అరచేతిలో, వ్రేళ్ళపై గాలి నిండిన చిన్న బుడగవలె పొర లేచి, వలయములుగా ఊడును. దురద ఉండదు, లేదా స్వల్పము. ఇది అంటురోగము కాదు, కొన్ని వారములలో తనంతట పోవును, మరు సంవత్సరము మరల రావచ్చును. సబ్బు తగ్గించి, యూరియా కలిసిన క్రీము గాని, కొబ్బరినూనె గాని పూసిన చాలును. ఊడుచున్న పొరను లాగరాదు.

రెండవది పనినుండి వచ్చినది. కాస్టిక్ సోడా, బ్లీచింగు, రంగులు, యంత్రపు నూనె, ఇంటిలో గిన్నెల సబ్బు, బట్టల పొడి మొదలైనవాటివలన రెండు చేతులును ఎండి, ఎర్రబడి, పొట్టు లేచి, గీతల వెంట పగులును. సెలవు దినములలో తగ్గి, పనికి పోగానే హెచ్చుట దీని ముఖ్యమైన గుర్తు. మన ఆడవారు పగలెల్ల కండెలు చుట్టి, సాయంకాలము బట్టలు, గిన్నెలు తోముటచే వారికే ఇది ఎక్కువ. కొందరికి ఫలానా రంగు, ఫలానా రబ్బరు ఒక్కటే పడకుండును. అది తెలిసికొనుటకు అనుమానమైన పదార్థములను చిన్న బిళ్ళలుగా వీపున అంటించి, సుమారు 48 గంటలు ఉంచి, తీసి, మరి ఒకటి రెండు దినములలో మరల చూతురు. ఏ బిళ్ళ క్రింద ఎర్రబడినదో అదియే కారణము.

ఈ రోగమునకు మొదటి మందు ఆ పదార్థమునకు దూరమగుట. నూనె మరకలు పోవుటకు చేతులు కిరసనాయిలుతో కడుగు అలవాటు మనవారు విడువవలెను. కొంచెము కొబ్బరినూనె రాచి పాత గుడ్డతో తుడిచి, తరువాత సబ్బుతో కడిగినచో మరక పోవును, చేయి మిగులును. కడిగిన ప్రతిసారి తడి ఆరకమునుపే వాసలీను గాని, కొబ్బరినూనె గాని పూయవలెను. రసాయనములు ముట్టువారు లోపల నూలు తొడుగు వేసి పైన రబ్బరు తొడుగు వేసికొనవలెను. అయితే ఒక హెచ్చరిక. తిరుగుచున్న సాంచె వద్దను, పట్టాల వద్దను చేతి తొడుగులు వేయరాదు. తొడుగు చిక్కుకొన్నచో చేతినే లాగికొనును. పగుళ్ళు, మంట ఎక్కువగా ఉన్నచో డాక్టరు కొద్ది దినములు స్టెరాయిడు పూత ఇయ్యవచ్చును. ఇక్కడ అది తగిన మందే.

మూడవది అరచేతి తామర. రెండు పాదములును, ఒక్క అరచేయియు పిండి చల్లినట్లు పొట్టు రాలుచున్నచో అది బూజని అనుమానింపవలెను. పాదములు గీకుకొను చేతికే అది అంటును. రెండు చేతులు సమానముగా ఉన్నచో పనివలన గాని, సోరియాసిస్ వలన గాని వచ్చియుండవచ్చును. డాక్టరు అరచేతులు చూచి "చెప్పులు విప్పుము" అనుట ఇందుకే.

సోరియాసిస్

మోచేతులు, మోకాళ్ళు, నడుము వెనుక, తల — ఈ చోట్ల ఎర్రని మందమైన మచ్చలపై వెండివలె తెల్లని పొలుసులు రాలును. గోళ్ళపై సూదితో పొడిచినట్లు గుంటలుండును. కొందరికి వ్రేళ్ళ కీళ్ళు వాచును, పొద్దున్న లేవగానే బిగిసియుండును. కీళ్ళ నొప్పి ఉన్నచో ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను. సాధారణముగా చూపుతోనే గుర్తింతురు. అనుమానమున్నచో చిన్న ముక్క తీసి పరీక్షింతురు.

ఇది అంటురోగము కాదు. ఒకే కంచములో తిన్నను, ఒకే ఖోలీలో పడుకొన్నను రాదు. అట్టి రోగిని భిస్సీలో వేరుగా కూర్చుండబెట్టుట అజ్ఞానము. ఇది పూర్తిగా పోవు రోగము కాకపోయినను, అదుపులో నుంచుటకు పూతమందులు, కాంతిచికిత్స, మాత్రలు, సూదులు కలవు. మెథోట్రెక్సేటు అను మాత్ర ఇచ్చినచో, దానిని వారమునకు ఒక్కదినమే వేసికొనవలెను. పొరబాటున ప్రతిదినము వేసికొన్నచో ప్రాణాపాయము. ఏ వారము ఏ దినమో గోడ కేలండరుపై గుర్తు పెట్టుకొనుడు. "వారములో నయము" అని ఎవరైన పేరులేని పొడి, మాత్ర ఇచ్చినచో తీసికొనరాదు. వాటిలో స్టెరాయిడు ఉండి, మానగానే ఒళ్ళంతయు ఎర్రబడి ఊడవచ్చును.

శోభియు, కుష్ఠుయు

ఎదపై, వీపుపై, మెడపై తెల్లని, లేత గోధుమరంగు మచ్చలు వచ్చి, గోటితో గీకినచో సన్నని పొడి రాలుట శోభి. చెమటలో పెరుగు ఒక జాతి బూజు దీనికి కారణము. షాంపూ వంటి పూతమందుతో పొట్టు తగ్గును. చర్మపు రంగు తిరిగివచ్చుటకు మాత్రము నెలలు పట్టును. ఆ లోపల "మందు పనిచేయలేదు" అని మార్చరాదు.

తెల్లమచ్చ చూడగానే కుష్ఠు అని భయపడుట ఒక తప్పు. నిజముగా కుష్ఠు అయినప్పుడు దాచుట అంతకంటె పెద్ద తప్పు. తేడా స్పర్శలో ఉన్నది. శోభి మచ్చపై చీమ ప్రాకినను తెలియును. కుష్ఠు మచ్చపై స్పర్శ తగ్గియుండును, సాధారణముగా దురద ఉండదు, చెమట పట్టదు. కన్నులు మూసికొని, దూదితో మచ్చపై తాకించి, తెలిసినదో లేదో చూడుడు. తెలియనిచో ఆలస్యము చేయక ప్రభుత్వ ఆస్పత్రికి పొండు. చేతి వ్రేళ్ళు తిమ్మిరెక్కుట, పట్టు తప్పుట, సిగరెట్టు కాలినను తెలియకుండుట కూడ గుర్తులే. పోగు పట్టి బ్రతుకు మనకు వ్రేళ్ళ స్పర్శ పోవుటకంటె నష్టమేమున్నది?

కుష్ఠు మందు దేశమంతట ఉచితము. రోగపు రకమును బట్టి ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని వాడినచో నయమగును. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే ఇతరులకు అంటించు శక్తి పోవును. ముంబయిలోని వడాలాలో 1890లో స్థాపించిన అక్‌వర్త్ ఆస్పత్రి కాలములో రోగిని ఊరికి దూరముగా ఉంచుటయే దిక్కు. నేడు రోగి ఇంటనే ఉండి, పని చేసికొనుచు నయము పొందును. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనను 2019లో పార్లమెంటు చట్టములనుండి తొలగించినది. చట్టమే మారినది, మన మనస్సు మారవలదా?

గజ్జి

మరాఠీలో ఖరూజ్ అందురు. వ్రేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు, గజ్జలలో పొక్కులు, గీకిన చోట పొట్టు, రాత్రివేళ భరింపరాని దురద, ఇంటిలో ఒకరికంటె ఎక్కువమందికి ఒకేసారి వచ్చుట దీని గుర్తులు. కంటికి ఆనని పురుగు చర్మములో సొరంగము త్రవ్వును. డాక్టరు ఇచ్చు పూతమందును మెడనుండి పాదముల వరకు, దురద లేనిచోట కూడ, రాత్రి పూసి ఉదయము స్నానము చేయవలెను. వారమునకు మరల ఒకసారి పూయవలెను. ఇంటివారందరును, దురద లేనివారు కూడ, ఒకే రాత్రి పూసికొనవలెను. పక్కబట్టలు వేడినీట ఉతుకవలెను. పగటిపాళీవాడు లేచిన పక్కమీదనే రాత్రిపాళీవాడు పడుకొను ఖోలీలలో ఈ ఒక్క జాగ్రత్త తప్పినందుననే గజ్జి తిరిగి తిరిగి వచ్చుచున్నది.

వెంటనే పరుగెత్తవలసిన సందర్భములు

పైన చెప్పినవి మెల్లని రోగములు. ఈ క్రిందివి అట్టివి కావు. రాత్రి పాళీ అని, రేపు చూతమని ఆగరాదు.

ఏదైన క్రొత్త మందు మొదలుపెట్టిన కొన్ని దినములకు గాని, వారములకు గాని జ్వరము వచ్చి, నోటిలో పుండ్లు పడి, కన్నులు ఎర్రబడి, చర్మము మండుచు పెద్ద పెద్ద పొరలుగా ఊడినచో అది ప్రాణాపాయము. సల్ఫా మందులు, మూర్ఛ మందులు, యూరిక్ ఆమ్లమునకు ఇచ్చు మందు, కొన్ని నొప్పి మాత్రలు దీనికి కారణము కావచ్చును. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అను ఇద్దరు అమెరికా డాక్టర్లు వర్ణించిన రోగమిది. ఆ మందు మాని, మందు అట్ట చేతపట్టుకొని పెద్ద ఆస్పత్రికి పోవలెను. ఆ మందు పేరు వ్రాసియుంచి, జీవితములో మరల దానిని ముట్టరాదు.

చిన్నపిల్లకు అయిదు దినములు, అంతకు మించి జ్వరము ఉండి, కన్నులు, పెదవులు ఎర్రబడి, చేతులు వాచినచో వ్రేళ్ళ కొనలు ఊడువరకు వేచియుండరాదు. కవాసాకి అను జపాను డాక్టరు 1967లో వర్ణించిన ఆ రోగము గుండె రక్తనాళములను చెరచును. పది దినముల లోపల చికిత్స జరిగిన మేలు. పసిబిడ్డకు కాలినట్లు తోలు ఊడినను, పెద్దవారికి ఒళ్ళంతయు ఎర్రబడి పొట్టు రాలి చలి పుట్టినను ఆ దినముననే ఆస్పత్రికి చేర్చవలెను.

డాక్టరు వద్దకు పోవునప్పుడు

భివండీలో ఇందిరాగాంధీ స్మారక ఆస్పత్రి ఉన్నది. అక్కడనుండి పైకి పంపినచో కల్వాలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ ఆస్పత్రి, ముంబయిలోని సాయన్, కె. ఇ. యం., నాయర్, జె. జె. ఆస్పత్రులు ఉన్నవి. అక్కడ చర్మరోగములకు ప్రత్యేక విభాగములు కలవు. ఒక దినపు కూలి పోవునని మనవారు వెనుదీయుదురు. సంవత్సరము పొడవునా కొన్న ట్యూబుల ఖర్చు, దురదతో పోయిన నిద్ర, తప్పిన పాళీలు లెక్కవేసినచో ఆ ఒక్క దినము చౌక.

పోవునప్పుడు ఇంతవరకు పూసిన ట్యూబులు, ఖాళీవైనను, సంచిలో వేసికొని పొండు. సిగ్గుపడి దాచినచో నష్టము మనకే. ఎప్పుడు మొదలైనది, ఎక్కడ మొదలైనది, ఇంటిలో ఇంకెవరికి ఉన్నది, సెలవు దినములలో తగ్గునా, గాలాలో ఏ పని, ఏ రసాయనము, ఇతర రోగములకు ఏ మాత్రలు — ఈ ఆరు సంగతులు చెప్పగలిగినచో డాక్టరు పని సగము తీరినట్లే. గజ్జలలోని మచ్చ చూపుటకు మన ఆడపడుచులు మొగమాటపడి నెలలు గడుపుచున్నారు. స్త్రీ డాక్టరును అడుగుటకు వారికి హక్కున్నది. తోడుగా వదినయో, అత్తయో పోవుట మంచిది. "పొట్టు గీకి పరీక్ష చేయుదురా?" అని వినయముగా అడుగుట తప్పు కాదు.

మా సంఘ సభ్యులకు మా మనవి ఒక్కటే. పేరు తెలియని రోగమునకు పేరు తెలియని ట్యూబు పూయకుడు. ముందు రోగము పేరు తెలిసికొనుడు, తరువాత మందు, మందు మొదలుపెట్టిన పిమ్మట చెప్పిన గడువు నిండువరకు దానిని విడువకుడు. తప్పు ఎక్కడ ఉన్నదో చూచి గాని పోగు ముడి వేయని మనము, మన పిల్లల ఒంటి విషయములో అంత ఓర్పు చూపలేమా? ఈ పాఠమును ఇంటిలో చదువు రానివారికి చదివి వినిపింపుడు, పక్క సాంచెవానికి చెప్పుడు. మన చేతులు బాగుండిననే మన బట్ట బాగుండును.